కుర్రాడి తల్లి పనిచేసే స్టోర్

గురువారం, ఇర్వింగ్

కొత్త ఆటగాళ్లను ఎంచుకునే నిన్నటి డ్రాఫ్ట్‌లో మా బాస్కెట్‌బాల్ టీమ్ ఎంచుకున్న కుర్రాడి మీద ఇవాళ మా ఫ్రెండ్ శ్రీధర్ ఇంట్లో పెద్ద వాదన.

"మోకాలి సర్జరీ అయినోడి మీద ఫస్ట్ పిక్ వేస్ట్ చేశారు బావా," అన్నాడు శ్రీధర్.

"నీ ఫాంటసీ టీమ్ కన్నా నయంలే," అన్నాడు కిరణ్. అందరం నవ్వాం.

తర్వాత శ్రీధర్ ఫోన్ చూపించాడు. అభిమానుల గ్రూప్‌లో ఒక ఫోటో. కిరాణా స్టోర్ కౌంటర్ దగ్గర ఆ కుర్రాడి తల్లి. కింద ఎవరో రాశారు: "కొడుకు దొరకడు, ఈవిడనే అడుగుదాం పదండి."

ఆమె అక్కడ పనిచేస్తుందని పొద్దున పేపర్లో రాసింది నేనే. వివరాలుంటే కథనం నమ్మకంగా ఉంటుందని స్టోర్ పేరు, వీధి కూడా వేశాను. రెండూ సరిచూసుకునే వేశాను. ఎడిటర్‌తో చెప్పి వెబ్‌సైట్‌లో తీయించాను కానీ, అప్పటికే స్క్రీన్‌షాట్లు తిరుగుతున్నాయి.

ఆమెకు ఫోన్ చేసి, రేపు పనికి వెళ్లొద్దన్నాను. ఎందుకని అడిగితే ఫోటో సంగతి చెప్పాను.

"మధ్యాహ్నం ఒకాయన వచ్చి, రోజూ ఎన్నింటికి ఇంటికెళ్తారని అడిగాడు," అంది. "ఫ్యాన్ అనుకుని చెప్పాను. ఏ దారిలో వెళ్తానో కూడా."