కంప మీద బరువు

మంగళవారం, రాత్రి

నాయన బ్లడ్ క్యాన్సర్‌కు ఇంజెక్షన్లు ఇక పనిచేయడం లేదని అనంతపురంలో డాక్టరమ్మ చెప్పేసింది.

మొదట్లో ఆమే కదా అంత ఆశ పెట్టింది! క్యాన్సర్‌ను ఆపే జన్యువులు చెడిపోలేదు, వాటిమీద రసాయన ముద్రలు పడి మూతపడ్డాయి, ఈ మందు ఆ ముద్రల్ని చెరిపేస్తుంది అంది. నాకు సగమే అర్థమైంది. నాయనకు మాత్రం చేను కనబడింది.

"శెనక్కాయ విత్తినాక వానకు నేల అట్ట కడతాది సూడు, అట్లే పాపా. విత్తనం మంచిదే. పైన ముళ్ళకంప లాగితే అట్ట పగిలి మొలకొస్తాది."

అప్పట్నుంచి సూదికి వెళ్ళేప్పుడల్లా "కంప లాగించుకోనొస్తా" అని నవ్వేవాడు.

ఈరోజు తిరిగొచ్చే బస్సు బత్తలపల్లె దాటింది. అప్పుడు నాయన మెల్లగా, "ఎన్నిసార్లు కంప లాగినా కొన్ని మొలకలు లోపల్నే కుళ్ళిపోతాయిలే" అన్నాడు. నేను కిటికీ వైపు తిరిగిపోయాను.

మొన్నటి వానకు మా చేను కూడా అట్ట కట్టింది. రేపు కంప లాగాలి. అది నేలకు ఆనాలని పైన రాయి పెడతాం. ఇంటికొచ్చాక నాయనే అన్నాడు, "రాయి యాడ మోస్తావు? బరువుకు నేను కూచుంటా."

ఆ రాయిని ఎత్తాలంటే నాకు ఇంకొకరి సాయం కావాలి. నాయనను బస్సులోంచి నేనొక్కదాన్నే ఎత్తి దించాను.