సున్నా గీత

అక్కా,

ఈ ఉత్తరం నిలబడి చదవకు, కూర్చో. డాక్టరు మాత్రలు ఆపేశారని, మెట్లెక్కినా ఆయాసం తగ్గినట్టే ఉందని మొన్న రాశావు. ఆ కబురుకి ఎగిరి గంతేసింది నేనే. ఇప్పుడు నీ సంతోషాన్ని చెడగొట్టవలసిందీ నేనే. ఫోనులో చెబుదామని నంబరు నొక్కి, మోగకముందే పెట్టేశాను.

మా ల్యాబు పని నీకు తెలుసుగా. జబ్బుపడిన రక్తకణాల్లో ఒక ప్రోటీను ఫాస్ఫేట్ అనే చిన్న రసాయన ముక్కని తగిలించుకుని, ఎవరూ పిలవకపోయినా పలుకుతూనే ఉంటుంది. మేం వేసే యాంటీబాడీ ఆ ఫాస్ఫేట్ ఉన్నచోటే అంటుకుని, లేజరు కింద పచ్చగా మెరుస్తుంది. ఎంత మెరిస్తే అంత జబ్బు. కాకపోతే యాంటీబాడీ సీసా మారినప్పుడల్లా మెరుపు మారుతుంది కనుక ఒట్టి అంకెని నమ్మం. ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తం కూడా పరీక్షించి, దాని మెరుపు దగ్గర సున్నా గీత గీస్తాం. మీ ఆసుపత్రి నుంచి వచ్చిన రక్తం ఆ గీతకి పైన ఎంతుంటే అదే మీ రిపోర్టు.

ఆ ఆరోగ్యవంతురాలిని నేనే. రక్తం తాజాగా ఉండాలి, అందరికన్నా ముందు వచ్చేది నేను, సూదికి జంకను. నిక్షేపంలా ఉన్నానని గొప్పలు పోతూ ఏడాదిగా వారం వారం చెయ్యి చాపాను.

ఆరు నెలలుగా ఆ మాత్రలు వాడుతున్న మీ పన్నెండు మంది రిపోర్టులూ తగ్గుతూ వచ్చాయి. మందు పనిచేస్తోందని అందరికీ ఒకటే సంబరం. పోయిన వారం నాకు జలుబు చేస్తే మా సీనియర్ తన రక్తం ఇచ్చాడు. పన్నెండు రిపోర్టులూ ఒక్కసారిగా పైకి లేచాయి. ఆయన సీసాని తిట్టాడు. కొత్త సీసా తెరిచినా అదే తీరు. అప్పుడు ఎవరికీ చెప్పకుండా నా రక్తం కూడా మెషీన్‌లో పెట్టి చూశాను.

నీ జబ్బు తగ్గలేదక్కా. గీతే పైకి జరిగింది. నా కణాలూ నీ కణాలంతగా మెరుస్తున్నాయి.

సీనియర్‌కి చెప్పేశాను. పాత రిపోర్టులన్నీ తప్పని ఆసుపత్రికి కబురు వెళ్ళింది. మాత్రలు ఈ పూటే మొదలుపెట్టు. నాకెలా వచ్చిందో అంతుపట్టడం లేదు. రోజూ ముట్టుకునే ఆ రసాయనాల పనేమో. భయంగా ఉంది.

నీ పొట్టి


పొట్టీ,

మాత్ర వేసుకున్నాకే కలం పట్టాను. ఆ పచ్చ మెరుపు గురించి ఎన్నో ఉత్తరాల్లో రాశావు. గీత కోసం ఇచ్చే రక్తం ఎవరిదని నేను ఒక్కసారీ అడగలేదు. అడిగి ఉంటే నువ్వు మాత్రం ఇవ్వొద్దనేదాన్ని.

రసాయనాల్ని ఆడిపోసుకోకు. అమ్మని తీసుకుపోయిందీ ఇదేనట. మొదటిరోజే డాక్టరు చెప్పారు, ఇది రక్తసంబంధంలో నడిచే జబ్బని. "తోడబుట్టినవాళ్ళు ఎవరైనా ఉన్నారామ్మా? ఉంటే వెంటనే పరీక్ష చేయించాలి" అన్నారు. నీకు ఉద్యోగం వచ్చిన వారం అది. తెల్లకోటు వేసుకుని దిగిన ఫోటో పంపి ఎంత మురిసిపోయావో. నిన్ను బెదరగొట్టడానికి మనసొప్పక, నాకెవరూ లేరని చెప్పాను.

రేపు పొద్దున్న బస్సు దిగి నేరుగా నీ గదికే వస్తాను. లేదన్న చెల్లెల్ని వెంటబెట్టుకుని ఆయన ముందుకి వెళ్ళాలి.

అక్క