ప్లగ్గులకు పెట్టిన బొట్లు

హాలియా నుంచి

అక్కా, నీకూ బావకూ తమ్ముడు పెంటయ్య దండాలు. నీ మోకాలు నొప్పి ఎలా ఉంది? బావకు దగ్గు తగ్గిందా, బీడీ తగ్గిందా? రెంటిలో ఒకటి తగ్గితే రెండోది దానంతట అదే తగ్గుతుందని చెప్పు. నేను బాగున్నాను. పోయిన ఉత్తరంలో నీకు ధైర్యం చెప్పడానికి రాసిన బాగు కాదు, నిజంగానే బాగున్నాను.

బండి అమ్మేస్తారట, కొలువు పోయేట్టుంది, కొత్తకోటకు వచ్చేస్తాను, మేకలను కట్టేసే అర్ర ఖాళీ చేసి పెట్టు అని రాశాను కదా. ఆ తర్వాత జరిగింది చెబుతాను, నింపాదిగా విను.

ముందు తిండి సంగతి. ఇక్కడ కాలువ నీళ్ళు పారుతాయి కాబట్టి మూడు పూటలా వరి అన్నమే. కడుపు నిండుతుంది కాని పళ్ళకు పని లేదు. జొన్నరొట్టె కలలోకి వస్తోంది. పైగా చలికాలం వచ్చింది. మన దిక్కు రాళ్ళకు కూడా దాహమే గాని, ఇక్కడ తెల్లారేసరికి కాలువ మీది మంచు ఊరంతా కమ్ముకుంటుంది. బండి అద్దం మీద నీళ్ళు కారుతుంటాయి. ఆ మంచును యాదిలో పెట్టుకో, దానితో పని ఉంది.

మా యజమానురాలు యాదమ్మ పెనిమిటి బతికున్నప్పుడు మిలిటరీ వాళ్ళ వేలంలో ఒక పాత పెట్రోలు పికప్పు కొన్నాడు. ఆయన పోయాక ఆ బండి మీదే కూరగాయలు సంతలకు తోలించి ఆమె ఇల్లు గడుపుతోంది. తోలేది నేను. దసరా దాకా బండి గుర్రంలా నడిచింది. దసరా దాటాక పొద్దున్నే స్టార్టు చేస్తే ఒకటే దగ్గు. బావ దగ్గు దీని ముందు బలాదూర్. ఎండెక్కితే మళ్ళీ దానంతట అదే సర్దుకునేది. మెకానిక్ ఖాజా కొత్త ప్లగ్గులు వేస్తే కుదురుకునేది. శుక్రవారం దాటిందా, మళ్ళీ అదే దగ్గు.

"పెంటయ్య భాయ్, గిది ప్లగ్గులను తింటాంది. రింగులు పోయినట్టున్నయ్. ఇంజను దించాలె," అన్నాడు ఖాజా.

"దించుడు నాతోని గాదు. సంత నాడు పాత ఇనుము సేటు వస్తనన్నడు, ఇచ్చేస్త," అంది యాదమ్మ. ఆ మాట అంటూనే కొంగుతో బండి అద్దం తుడిచింది. అమ్మాలనుకునే మనిషి అద్దం తుడుస్తుందా అక్కా? నాకు అక్కడే ఆశ పుట్టింది.

ప్లగ్గు అంటే పెట్రోలుకు అగ్గి అంటించేది, ఇంజనుకు నాలుక లాంటిది. హకీము నాలుక చూసి రోగం చెప్పడా, ఇదీ అంతే. కొస ఇటుక రంగులో ఉంటే ఆరోగ్యం. కుండ అడుగులా పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ తాగుతోందని. జిడ్డుగా నూనె ఉంటే రింగులు అరిగాయని. ప్లగ్గులు విప్పి చూస్తే వెనక రెండూ ఇటుక రంగు, ముందు రెండూ తడి. వేలితో రాసి వాసన చూశాను. నూనె కాదు, పచ్చి పెట్రోలు. అంటే రింగులు దిట్టంగానే ఉన్నాయి. పెట్రోలు వస్తోంది, అగ్గి అంటుకోవడం లేదు.

"అగ్గి వైరు దాకా వస్తాంది, నేను చూసిన గద," అన్నాడు ఖాజా.

"వైరు దాకా వస్తాంది సరే, లోపలికి పోతాందా?" అన్నాను.

మరునాడు వెలుతురు రాకముందే ఇద్దరం కొట్టంలో బానెట్టు ఎత్తి ఇంజను తిప్పాం. చిమ్మచీకట్లో ముందు రెండు ప్లగ్గుల తెల్ల పింగాణీ మీద నీలం మెరుపులు చీమల్లా కిందికి పాకుతున్నాయి. లోపలికి పోవాల్సిన అగ్గి బయటినుంచే ఇంజను ఇనుములోకి దిగిపోతోంది. ఏ దారిన అని బ్యాటరీ లైటు వేసి చూస్తే, పసుపూ కుంకుమ. ఒక్కో ప్లగ్గుకు చక్కని బొట్టు! విప్పినప్పుడు నేనూ చూశాను, ఖాజా కూడా చూశాడు. బండి అన్నాక బొట్టు ఉండదా అని ఇద్దరి కంటికీ ఆనలేదు.

యాదమ్మను పిలిచి అడిగాను.

"నేనే పెట్టిన. దసరా పూజ నాడు లోపల గూడ పెట్టిన, దగ్గు మొదలైనంక శుక్రవారం శుక్రవారం కాయ కొట్టి పెడ్తున్న. బండికి దిష్టి తగిలి దగ్గుతాంటే, పైన రేకుకు పెడితే లోపలిదానికేం ముడ్తది? అందుకే లోపలే పెట్టిన. ముందల రెంటికి చెయ్యి మంచిగ అందింది, దిట్టంగ పెట్టిన."

అదీ కథ. తడి కుంకుమ, పైన మంచు, కొట్టిన కొబ్బరికాయ నీళ్ళు. ఆ తడిని పట్టుకునే అగ్గి బయటికి జారిపోతోంది. దగ్గినకొద్దీ బొట్టు, బొట్టు పెట్టినకొద్దీ దగ్గు! ఆమె భక్తిని కాదనడం ఎట్లా? కొంచెం ఆలోచించి అన్నాను:

"చెల్లె, బొట్టు నుదుట పెడ్తరు గని, కంట్లె పెడ్తరా?"

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "గీ మాట ముందుగాల చెప్పొద్దా అన్నా? కొబ్బరికాయలన్ని దండుగైనయ్."

"దండుగెక్కడిది? చిప్పలన్ని పెంటయ్య భాయ్ తినె," అన్నాడు ఖాజా.

పెట్రోలు గుడ్డతో పింగాణీ తళతళా తుడిచి, ఆరనిచ్చి బిగించాం. అంత మంచులోనూ ఒక్క తిప్పుకే అందుకుంది. బొట్టు ఇప్పుడు బానెట్టు నుదుట, రూపాయి బిళ్ళంత. రెండు శుక్రవారాలు దాటినా దగ్గు లేదు.

బండి బాగైన వారమే, సంత నాడు పాత ఇనుము సేటు వచ్చి బండి ముందు నిలబడి రేకు తట్టి చూస్తున్నాడు. యాదమ్మ టమాటా గంపల నడుమ నుంచి వచ్చి నా పక్క సీట్లో కూర్చుంది. "జర పక్కకు జరుగు సేటు, సంతకు ఆల్సమైతాంది," అంది. ఇంకేం చెప్పను, హారను కొట్టాను.

ఎవరైనా ఇటు వస్తుంటే జొన్నపిండి, కాసింత చింత తొక్కు పంపించు. ఊళ్ళో పెద్దలందరినీ అడిగానని చెప్పు. నీ చెయ్యి నా తల మీద ఉందనుకునే రోజూ స్టీరింగు పడుతున్నాను.

ఆ అర్ర ఖాళీ చేయకు. మేకలను అందులోనే కట్టెయ్యి.

నీ తోడబుట్టినవాడు,
పెంటయ్య