అరుపు చోట క్లారినెట్

పటాన్‌చెరు,
డిసెంబరు 2, 1996.

తమ్ముడు సమూయేలుకు,

నువ్వు బాగున్నావనీ, ఆ జుట్టు ఇంకా కత్తిరించుకోలేదనీ అనుకుంటున్నాను.

నువ్వు నాయిన మీద అలిగి సికింద్రాబాదు వెళ్ళినప్పుడు మరిచిపోయిన క్యాసెట్టు నా దగ్గరే ఉంది. అందులో మీ రాక్ బ్యాండుకు నువ్వు కట్టిన పాటను మన చర్చి ఆర్కెస్ట్రాకు నేర్పాను. గిటార్ల చోట వయొలిన్లు, నువ్వు అరిచే చోట క్లారినెట్ పెట్టాను. డ్రమ్ముల దరువును జయశీల టీచర్ వయొలిన్ తీగల మీద వేళ్ళతో మీటింది. మాటలు తీసేశాను.

నిన్న నాయిన గడ్డపోతారం ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి నేరుగా ప్రాక్టీసుకు వచ్చాడు. ఇదే పాట నువ్వు ఇంట్లో వాయిస్తుంటే మెయిన్ స్విచ్ బంద్ చేసిన మనిషి, కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నాడు.

"గీ పాట కట్టినాయన ఎవలు బిడ్డా? మస్తు నిమ్మళమైన మనిషి లెక్కున్నడు. క్రిస్మస్ నాడు మనింట్ల తిననీకి రమ్మను" అన్నాడు.

"సరే నాయినా, ఉత్తరం రాస్త" అన్నాను. నీ పేరు మాత్రం చెప్పలేదు.

అందుకే రాస్తున్నాను. మటన్ నాయినే తెస్తాడట. గిటారు తీసుకునే రా. మెయిన్ స్విచ్ దగ్గర నేను కూర్చుంటాను.

నీ అక్క