సుజాత నోట దుడ్లు

జూలై 3

విజ్ఞాన సర్వస్వంలో నా పేరుతో ఉన్న పేజీకి ఎర్ర పట్టీ తగిలించారు. 'సొంత ప్రచారంలా ఉంది, తొలగించాలి.' ఇన్నేళ్లుగా ఇలాంటి పట్టీలు ఎందరి పేజీలకో అంటించిన చెయ్యి నాది. సర్పంచులు, యోగా గురువులు, ప్లాట్లు అమ్ముకునే కవులు — ఒక్కరినీ వదల్లేదు. ఇప్పుడు నా రెండు కవితల పుస్తకాల పేజీ... రాసుకున్నది నేనే. 'కోనసీమ సుజాత' అని ఇంకో ఖాతా తెరిచి మరీ. 'సీమ గర్వించదగ్గ కవయిత్రి' అట! రాసేటప్పుడు నవ్వైనా రాలేదు.

జూలై 4

కణేకల్ నుంచి మస్తాన్ ఫోన్. "ఎవురక్కా నీ పేజీ తీసేయమనేది? నేను రాస్తాండా సూడు." అన్నంత పనీ చేశాడు. తొలగింపు చర్చలో — 'ఉంచాలి. దిద్దడం నాకు అక్కే నేర్పింది. అక్క పుస్తకాలు చదివినాను. బాగుండాయి.' కింద సంతకం.

అంతటితో నేను ఊరుకుంటే సరిపోయేది.

జూలై 5

ఊరుకోలేదు. సుజాత చేత కూడా 'ఉంచాలి' అనిపించాను. 'చేసినారు' రాకుండా 'చేశారు', 'వచ్చినారు' రాకుండా 'వచ్చారు' — ఒళ్లు దగ్గర పెట్టుకుని రాశాను. బడిలో తెలుగు చెప్పేదాన్ని, ఈ మాత్రం రాదా!

జూలై 7

దొరికిపోయాను. కాదు, సుజాత దొరికింది. 'ఎవరి దగ్గరా దుడ్లు తీసుకుని రాసిన పేజీ కాదిది' అని ఉంది చర్చలో. కోనసీమ మనిషి డబ్బులు అంటుంది గానీ దుడ్లు అంటుందా? నిర్వాహకుడు పట్టేశాడు. దొంగ ఖాతా, సీమ వాళ్లెవరో నడుపుతున్నారు అన్నాడు.

మా నాయన మాట. రాసేటప్పుడు కంటికి ఆనలేదు.

జూలై 8

నిర్వాహకుడి సందేశం. 'మేడమ్, మీరు పాతవారు, ఆ ప్రాంతం వారు. కణేకల్ వైపు దుడ్లు అంటారా?'

అనుమానం నా మీద కాదు... మస్తాన్ మీద.

'అంటారు' అని జవాబిచ్చాను. మా రాయదుర్గంలోనూ అంటారని రాయలేదు. మా ఇంట్లో అంటామనీ రాయలేదు. వెతికినా అందులో అబద్ధం దొరకదు. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

జూలై 9

మస్తాన్‌ను నిరోధించారు. ఇక అందులో ఒక్క అక్షరం దిద్దలేడు.

జూలై 10

ఏడో తరగతి పిల్ల వ్యాసంలో 'దుడ్లు' అని రాసింది. కొట్టేయబోయి ఆగాను.

మస్తాన్ ఫోన్. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. "ఆ సుజాత ఎవురో నాకు తెలీదక్కా. అల్లా మీద ఒట్టు. నువ్వు ఒక్క మాట చెప్తే వాళ్లు ఇంటారు..."

చెప్తాలే అన్నాను.

జూలై 11

చెప్పలేదు.

జూలై 12

నా పేజీ ఉంచారు. 'ఆ ఇద్దరి మాటలూ పక్కన పెట్టినా, పుస్తకాలకు పత్రికల్లో సమీక్షలు ఉన్నాయి కాబట్టి ఉంచుతున్నాం. గర్వించదగ్గ అన్న ముక్క మాత్రం తీసేశాం.' అంటే సుజాత నోరు విప్పకపోయినా పేజీ ఉండేదే. ఛీ, ఏం మనిషిని నేను.

జూలై 14

మస్తాన్ వచ్చాడు. బస్సు దిగి నేరుగా ఇంటికే. చేతిలో పెన్‌డ్రైవ్ పెట్టాడు. కాలువ గట్లు, తూములు, చుట్టుపక్కల పల్లెలు — ఎండలో తిరిగి తీసిన ఫోటోలు.

"నన్ను ఇంక రానిచ్చేట్టు లేరక్కా. ఊర్ల పేజీలకు బొమ్మలు లేకుండా పోతాయి. నీ పేరుతో ఎక్కించు."

టీ ఇచ్చాను. ముఖం చూడలేకపోయాను. "ఆ దుడ్లు అనే మాట..." అని మొదలుపెట్టాను.

"మా ఇండ్లల్లో అంటాములేక్కా," అన్నాడు. గ్లాసు కింద పెట్టి, "మీ నాయన గూడా అంటాండె గదా."

బస్సుకు టైమయిందని లేచాడు. తెలిసే అన్నాడా? గేటు దాకా వెళ్లాను, అడగలేదు.

జూలై 15

మొదటి ఫోటో ఎక్కిస్తున్నాను. గట్టు మీద గొర్రెలు, వెనక కాలువ. ఒక మూల నేల మీద, ఫోన్ ఎత్తి పట్టుకున్న మస్తాన్ నీడ. కత్తిరించకుండా వదిలేశాడు.

కింద అడుగుతోంది — 'ఇది మీ సొంత పనేనా?'

అవును. కాదు.

ఏదో ఒకటి నొక్కితే గానీ ముందుకు పోనివ్వదు.