అమ్మ ఫొటో, కొత్త లెన్స్

నాన్నా,

నువ్వు చేలోంచి వచ్చేసరికి నేనుండను. అరువు తెచ్చిన లెన్స్‌తో తణుకులో ఓణీల ఫంక్షన్‌కి ఫొటోలు తీయడానికి వెళ్తున్నాను. అన్నం హాట్‌బాక్సులో ఉంది. బెండకాయ పులుసు వేడి చేసుకో. గ్యాస్ కట్టేయడం మర్చిపోకు.

ఫంక్షన్‌లో నేను ఫోన్ ఎత్తలేను కాబట్టి మధ్యాహ్నం రాజమండ్రి కెమెరా షాపు ఆంజనేయులు గారు నీకు ఫోన్ చేస్తారు. వానాకాలం చెమ్మకి ఫంగస్ పట్టిన నా లెన్స్ ఇక బాగుపడదట. నా దగ్గరున్న డబ్బుకి రెండు కొత్త లెన్సుల్లో ఒకటే వస్తుంది. జూమ్ లెన్స్ కొంటే వీడియోవాళ్ల వీపులు అడ్డం లేకుండా పక్కకి జరిగి దూరం నుంచి పెళ్లిళ్లు తీయొచ్చు. తిండి పెట్టేది అదే. ఫిఫ్టీ అనే చిన్న లెన్స్ అయితే ఒక్క మనిషి ముఖం చక్కగా వస్తుంది. ఇప్పుడు దానికోసం నా దగ్గరికి ఎవరొస్తారు? అందరికీ ఫోన్లున్నాయి.

అయినా ఆయనకి ఫిఫ్టీయే కావాలని చెప్పు.

అమ్మ పెద్దకర్మ ఫ్లెక్సీకి ఒక్క మంచి ఫొటో దొరక్క, ఎవరిదో పెళ్లి గ్రూపు ఫొటోలోంచి కత్తిరించాం. గోడమీద ఫొటోలో అమ్మ భుజాన ఇంకా ఎవరిదో చెయ్యి ఉంది. ఫొటోకి కూర్చోమంటే అమ్మ "నన్నప్పుడే గోడెక్కిస్తావేంటే?" అనేది. ఇప్పుడు నువ్వూ అదే మాట. ఏ లెన్స్ కొన్నా ఏం లాభం?

హారతి

నీ తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి కుర్చీ మీద పెట్టాను. వేసుకోవని తెలుసు. తీసి బీరువాలో మాత్రం పెట్టకు.