పాస్టరు గారి పుస్తకంలో మార్గిట్ గారి జబ్బు

ఉప్సాలా, 9 మార్చి 1887

అమ్మా, నాకు దగ్గు తగ్గింది, దిగులు పడకు.

మన ఊరి మిల్లు వాళ్ల మార్గిట్ గారి శవం మా వైద్య కళాశాల కోత గదికే వచ్చింది. నేల గడ్డకట్టి ఇంకా పూడ్చలేదు కదా, చలికి చెడకుండా ఉంది. పనిమనిషి బ్రీటా అంబలిలో ఎలుకల మందు కలిపిందంటూ జిల్లా డాక్టరు కడుపు లోపలి ఎరుపు చూపించాడు.

"ఎర్రగా ఉంటే విషమేనా డాక్టరుగారూ? అయితే ముందు మీ ముక్కును పరీక్షించాలి" అన్నారు మా ప్రొఫెసర్ హెడ్వాల్ గారు. కడుపు గోడలో ఒక రంధ్రం ఉంది. నేను "భయంకరమైన రంధ్రం" అని రాస్తే, కొట్టేసి "బఠాణీ గింజంత, అంచు తోలులా గట్టిది" అని రాయించారు. ఎంత చక్కటి మాటలో! అది ఏళ్ల తరబడి ముదిరి చిల్లు పడిన పుండట, ప్రాణం తీసింది అదేనట. కానీ భార్యకు ఎన్నడూ జబ్బే లేదని భర్త ప్రమాణం చేశాడు.

అందుకే ఈ కార్డు అందగానే పాస్టరు గారి దగ్గరికి వెళ్లు. ఏటా ఊరందరినీ పిలిచి బైబిలు పాఠం అప్పజెప్పించుకునేటప్పుడు, రానివాళ్ల కారణం ఆయన పుస్తకంలో రాస్తారు. మార్గిట్ గారు కడుపునొప్పితో రాలేదని ఎన్నేళ్లు రాసి ఉందో నకలు తీయించి, సంతకంతో పంపు. విచారణ వచ్చే గురువారం. నేరం రుజువైతే బ్రీటా తల తీస్తారు. టపా మోసే సిక్స్టెన్ మామా, నువ్వు ముందే చదివేస్తావని తెలుసు. దారిలో కాఫీకి ఆగకు.

ఆవు ఈనిందా? నాన్నకు నమస్కారాలు. ఈసారి దీవెన నాకొద్దు, బ్రీటాకు పెట్టు.

నీ ఎలోఫ్